గార్డు లేని చక్రం

“గార్డు ఉండిందా?” అని వకీలు సింధూ అడిగినప్పుడు జమాల్ కిటికీలోంచి బయటికి చూశాడు.

ప్రొద్దుటూరు కోర్టు వెనక సందులో కింద జిరాక్సు అంగడి, పైన ఆమె ఆఫీసు. ఫ్యాను తిరుగుతున్నా గదిలో గాలి లేదు. జమాల్ భార్య సైదున్నీసా గుడ్డసంచిలోంచి తీసినవన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి. ఆసుపత్రి కాగితాలు, ఫోన్లో దుడ్లు కట్టినట్టు చూపించే జిరాక్సు, ఇనుము కోసే గ్రైండరులో పేలిపోయిన కటింగ్ చక్రం ముక్కలు మూడు, తీగకు గుచ్చిన ఇనుప రింగుల దండ.

“చక్రాలమ్మిన అంగడాయన వకీలు మొట్టమొదట అడిగేది ఇదే,” అంది సింధూ. ముప్పై దాటని మనిషి, కానీ తొందరపడదు. “చక్రం పేలితే ముక్కలు మనిషి మీదికి రాకుండా అడ్డముండేది ఆ గార్డే గదా. అది తీసేసి కోసింటే తప్పు చక్రానిది కాదు, మనిషిది అంటాడు. అందుకని అడుగుతాండా. మీ గ్రైండరుకు గార్డు ఉండిందా, లేదా?”

జమాల్ నోరు తెరిచాడు.

“ఉన్నింది మేడం,” అంది సైదున్నీసా.

జమాల్ తల తిప్పి భార్యను చూశాడు. ఆమె అటు చూడలేదు. అతని ఒళ్లో ఉన్న కుడిచేతి మీదికి తన కొంగు లాగి కప్పింది. మణికట్టు దగ్గర అడ్డంగా ఎర్రటి గీత. దాని కింద మూడు వేళ్లు కొక్కెంలా వంగి, అట్లాగే ఉండిపోయాయి.

జమ్మలమడుగులో గేట్లూ గ్రిల్లులూ చేసేవాళ్లలో గార్డు పెట్టుకునేవాడు లేడు. కొత్త గ్రైండరు డబ్బా విప్పగానే మొదట చేసే పని ఆ అర్ధచంద్రపు ఇనుప బద్దను ఊడదీసి మూలకు విసరడం. అది ఉంటే చక్రం మూలల్లోకి పోదు, కోసే గీత కనపడదు. ఎవడైనా పెట్టుకుంటే “ఏందప్పా, మిషనుకు ముసుగేసినావు?” అని నవ్వుతారు. ఇరవై రెండేండ్లుగా జమాల్ కూడా నవ్వినవాడే.

గది మూలన కంప్యూటరు ముందు గుమాస్తా గురురాజారావు కూర్చొని ఉన్నాడు. కోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. “రక్షణ కవచము సక్రమముగా అమర్చి యుండగా,” అని పైకే చదువుకుంటూ టైపు కొట్టాడు. జమాల్ ఆ మాటను పెదాలతో ఒకసారి పలికి చూసుకోవడం సైదున్నీసా గమనించింది.

సింధూ రింగుల దండ పైకెత్తింది. “ఇదేంది, మాల మాదిరి?”

“అరిగిపోయిన చక్రాలవి మేడం.” పని మాట వచ్చేసరికి జమాల్ గొంతు కాస్త తేలికపడింది. “చక్రమంతా అరిగిపోయినా నడుమ ఈ రింగు మిగుల్తాది. పారెయ్యం. తీగకు గుచ్చి పెడతాం. పనయినంక ఇల్లు కట్టించినోళ్లకు జూపిచ్చి, ఇదో ఇన్ని చక్రాలు పట్టినాయి అని చెప్పల్ల గదా. నోటితో చెప్తే నమ్మరు.”

“పేలిన దాని రింగు ఏది?”

సైదున్నీసా అందుకుంది. “ఈయప్పను ఆటోలో ఏసుకొని ఆసుపత్రికి పోయినాం మేడం. పక్క షెడ్డాయన మిషను కట్టేసి, చక్రం ఇప్పి, ఆ రింగును గూడ తీగకే గుచ్చినాడు. అలవాటు.”

“నెత్తురు తుడ్సి మరీ గుచ్చినాడు,” అన్నాడు జమాల్.

సింధూ ఒక్కో రింగునూ వెలుతురుకు పట్టి చూసింది. రింగు మీద నెలా సంవత్సరం గుద్ది ఉన్నాయి. ఆ నెల దాటితే చక్రాన్ని కలిపి పట్టే జిగురు సత్తువ తగ్గుతుందనీ, ఇక వాడకూడదనీ జమాల్‌కు ఆసుపత్రిలో పడుకున్నాక గానీ తెలియలేదు. పదిహేను రింగుల మీదా ఒకటే నెల. అతను ఆ డబ్బా కొన్న రోజుకు ఆ నెల దాటిపోయి రెండేండ్లు.

“ఇది గట్టిదే,” అంది సింధూ. “కానీ ఈ రింగులు నా అంగడివి కావు, యాడివో తెచ్చినారు అంటాడు. అదే డబ్బాలోది, వాడనిది, లేబులు చెడనిది ఒక్కటి దొరికితే నోరెత్తలేడు. ఉందా?”

“డబ్బాలో పాతిక చక్రాలు. పది మా బామ్మర్దికిచ్చినా. మొయిన్ అని, ఈమె తమ్ముడే. పులివెందుల్లో ట్రాలీలు చేసే షెడ్డులో ఉంటాడు.”

“అయితే అడిగి తెండి. గురువారం మిషను గూడ తీసుకరాండి, గార్డుతో సహా. ఫోటోలు తీసి, అఫిడవిట్లు పూర్తి చేసి, సోమవారం కడపలో కన్జ్యూమర్ కమిషన్లో వేద్దాం. కాగితాలు గట్టిగా ఉంటే వాళ్లే రాజీకొస్తారు. ఆపరేషనుకు ఇంకా టైముందా?”

“దసరా దాటనియ్యొద్దన్నాడు తిరుపతి డాక్టరు,” అంది సైదున్నీసా. “దాటితే చేతి యేళ్లు ఇంగ అంతేనంట.”

గురురాజారావు వకాల్తా కాగితం తెచ్చి, జమాల్ చేతిని చూసి, వెనక్కి వెళ్లి ఇంకు ప్యాడు తెచ్చాడు. పదో తరగతి పాసైన జమాల్‌కు ఇంగ్లీషులో సాగదీసి పెట్టే సంతకం ఉండేది. ఎడమ బొటనవేలును ప్యాంటుకు రెండుసార్లు తుడుచుకొని, ముందుకు చాపాడు.

*

గార్డు ఎక్కడికీ పోలేదు. ఆ గ్రైండరు కొన్న నాటి నుంచీ, ఆరేండ్లుగా, సైదున్నీసా వంటింట్లోనే ఉంది. చుట్టూ అంచున్న ఇనుప బద్ద కాబట్టి నిప్పులు జారిపోవు. గురువారం సాయంత్రాలు అందులో నాలుగు నిప్పులు వేసి, పైన లోబాన్ చల్లి, పొగను ఇల్లంతా తిప్పుతుంది.

మంగళవారం పొద్దున్నే దాన్ని పెరట్లో వేసుకొని కూర్చుంది. చింతపండు పిప్పి, ఇసుక, గోనెపట్టా ముక్క. ముందు బూడిద పోయింది. తర్వాత మసి పోయింది. లోపలి వైపు నిప్పు తిన్న ఇనుము మాత్రం ఎంత తోమినా నీలంగా, నల్లగా అట్లాగే ఉంది. గోళ్ల సందుల్లో నలుపు దిగింది.

జమాల్ మంచం మీద కూర్చొని చూస్తున్నాడు. “ఇడ్సిపెట్టరాదా,” అన్నాడు.

“నువ్వు మాట్లాడాకు.”

“నిప్పుల్లో కాలిన ఇనుము నిప్పుల్లో కాలినట్టే ఉంటాది. పని తెలిసినోడు ఒగ చూపు జూస్తే చాలు.”

“వకీలమ్మకు తెల్సా పని? జడ్జికి తెల్సా?” ఆమె గోనెపట్టా విసిరికొట్టింది. “నీ చెయ్యి పోయింది చక్రం పేలి. ఈ బద్ద పేలి కాదు గదా. యెట్ల బిగించల్లనో చెప్పు, చాలు.”

గ్రైండరును ఆమె అంతకుముందు ఎప్పుడూ ఒళ్లో పెట్టుకోలేదు. అది అనుకున్నదానికంటే బరువు. గార్డును మెడలోకి తొడగబోతే ఒక పక్క ఎక్కి ఇంకో పక్క జారింది. “గాడి జూడు. గాడిలో కూర్చోవల్ల,” అన్నాడు జమాల్. “ఇప్పుడు స్క్రూ. కుడికి. కుడికి తిప్పు మే!” అతని కుడిచేయి దానంతట అదే గాలిలోకి లేచి, మూడు వేళ్లూ మూసుకునే ఉండి, మళ్లీ మోకాలి మీద పడింది. సైదున్నీసా ఇంకోసారి తిప్పి బిగించింది. చెమట ఆమె ముక్కు మీది నుంచి మిషను మీద పడింది.

అప్పుడే గడప ముందు బండి ఆగింది. ప్రొద్దుటూరు టూల్స్ అంగడి వివేక్. తండ్రి పోయాక అంగడి అతనే చూసుకుంటున్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో అరటిపండ్ల అత్తం.

“మామా, బాగుండావా? అత్తా, కాసిన్ని నీళ్లియ్యి, ఎండ మాడ్చేస్తాంది.” లోపలికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నీళ్లు తాగాడు. “కేసేస్తాండారంట?”

“ఎవురు చెప్పినారు?” అంది సైదున్నీసా.

“ప్రొద్దుటూర్లో జిరాక్సు తీస్కుంటే ఊరంతా చదివినట్టే గదత్తా.” నవ్వాడు. “మన మద్దెన వకీళ్లెందుకు మామా? మా నాయన కాలం నుంచి మా కాడనే కొంటాండావు. ఆపరేషనుకు సగం నేను పెట్టుకుంటా. కాగితాలేం వద్దు. మనిషికి మనిషి.”

“చక్రాలు పాతవి ఇచ్చినావు గదప్పా,” అన్నాడు జమాల్.

“నాకేం తెల్సు మామా? కంపెనీవాడు పంపితే అమ్ముతాం. డబ్బా ఇప్పి, రింగు మింద ఏం కొట్టిండాదో కళ్లద్దాలు పెట్టుకొని చదువుతానా నేను? నువ్వు చెప్పినంకనే నాకు గూడ తెలిసింది. అమ్మతోడు.”

మాట్లాడుతూనే అతని చూపు పెరట్లో గోనెపట్టా మీద ఉన్న గ్రైండరు మీద పడింది. లేచి వెళ్లి వంగి చూశాడు. గార్డు లోపలి అంచున వేలు పెట్టి రుద్దాడు. వేలు నల్లబడింది.

“పెండ్లికూతురు మాదిరి ఉందే మామా మిషను! జమ్మలమడుగులో గార్డు పెట్టి కోసే మొగోడు నువ్వొగనివే ఉన్నట్టుండావు.” వేలిని గోనెపట్టాకు తీరిగ్గా తుడుచుకున్నాడు. “మీ సందులో ఏ షెడ్డోణ్ణి అడిగినా చెప్తాడులే. ఆలోచించుకో అత్తా. సగమంటే సగమే.”

బండి శబ్దం సందు చివరికి పోయింది. అరటిపండ్లు అరుగు మీదే ఉన్నాయి.

“అవి మేకకెయ్యి,” అన్నాడు జమాల్.

*

బుధవారం పొద్దున ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కి సైదున్నీసా పులివెందులలో దిగింది. లింగాల దారిలో ఊరి చివర ఉంది మొయిన్ పనిచేసే షెడ్డు. చుట్టూ రేకులు, వెనక అరటితోట. ఆమె పోయేసరికి మొయిన్ ట్రాలీ చట్రం కోసం ఇనుప యాంగిలు కోస్తున్నాడు. గ్రైండరు గీపెడుతోంది. నిప్పురవ్వలు వాన జల్లులా ఒకే పక్కకు పోయి రేకు కింద చస్తున్నాయి.

అక్కను చూసి మిషను ఆపాడు. “అక్కా! ఫోన్ చేసింటే బస్టాండుకొస్తుంటి గదా!”

షెడ్డు ఓనరు మున్నా, నలభై దాటినవాడు, నోట్లో వక్క నములుతూ కుర్చీ తెచ్చి వేశాడు. “కూర్చో అక్కా. జమాల్ బావ యెట్లుండాడు?” అంటూ ఎదురంగడికి కేకేసి టీ తెప్పించాడు. సైదున్నీసా గుటక వేసి మొహం చిట్లించింది. పొగ వాసన.

“యెట్లుందిరా మొయినూ టీ?” అన్నాడు మున్నా.

“బాగుందన్నా.”

“జూసినావా అక్కా! మీ తమ్మునికి యేప కషాయం తాపినా బాగుందంటాడు. ఈనికి పెండ్లాం దొరికితే ఆ పిల్ల అదృష్టం.”

సైదున్నీసా నవ్వలేకపోయింది. “ఒరే, మీ బావ ఇచ్చిన చక్రాల్లో వాడనిది ఒగటి కావల్లరా. కేసుకు.”

“అయిపాయె గదక్కా,” అన్నాడు మొయిన్. ఆమె మాట ముగియక ముందే అన్నాడు.

“పదీనా?”

“ఊ.”

అతను తన చెప్పుల వైపు చూస్తున్నాడు. ఆమె అతని చేతిలోని గ్రైండరు వైపు చూసింది. దానికి గార్డు ఉంది. తోమిన గార్డు కాదు. రవ్వలు తగిలి తగిలి రంగు లేచిపోయి, దుమ్ము పట్టి, పనిలో ఉన్న గార్డు.

“నువ్వెప్పుడు పెట్టినావురా ఇది? మీ బావకు తగిలింది జూసి బుద్ధొచ్చినట్టుందే.”

“బావను జూసి కాదక్కా,” అన్నాడు మున్నా, వక్క ఉమ్మేసి. “రంజానుకు ముందే పెట్నాడు. ఇదో, దీన్ని జూసి.” గోడ రేకు మీద రొమ్మెత్తున ఒక బొక్క చూపించాడు. “చక్రం పేలి ముక్క అవతలికి పోయింది. ఈడ నిలబడింటే నేనూ పోతుంటి దాంతోపాటు!”

బయట ట్రాక్టరు ఆగితే అతను అటు వెళ్లాడు.

సైదున్నీసా లేచి రేకు దగ్గరికి పోయింది. బొక్కలో చిటికెన వేలు పెట్టింది. పట్టింది. వేలు తీసి కన్ను పెట్టి చూస్తే అవతల అరటాకులు కదులుతున్నాయి. జమాల్ చేయి తెగింది రంజాను పండగయిన పన్నెండో రోజు. ఆమె వేళ్ల మీద లెక్క పెట్టుకోనక్కర లేకపోయింది.

“ఎన్ని పేలినాయి?” అంది, వెనక్కి తిరక్కుండానే.

“ఒగటి. ఇంగ రెండు అంచు ఊడిపాయె.”

“తక్కినవి?”

“అంగట్లో ఇచ్చేసినా.” గొంతు ఆమెకు సరిగా వినపడలేదు. “పేలినదాన్ని ఫోటో తీసి వివేక్‌కు పంపితి. డబ్బా మింది నెల జూసుకొని, పాత సరుకప్పా అది, మిగిలినవి తెచ్చియ్యి, బదులు కొత్తవిస్తా, ఎవురితో అనాకు అని ఫోన్లో వాయిస్ మెసేజి పెట్టినాడు. ఇచ్చినాడు గూడ.”

“నువ్వు ఎవురితో అన్లేదు.”

మొయిన్ గ్రైండరు వైరును చేతికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు.

“మీ బావతో గూడ.”

“యెట్ల చెప్పేదక్కా?” అతను వైరు వదిలేశాడు. “ఆయప్ప ఊరికే ఇచ్చినవి గదా. పోయిన తూరి ఇచ్చిన వెల్డింగు మిషను యేడెక్కుతాంది బావా అంటే ఏమనె? దానమిచ్చిన ఆవుకు పండ్లు లెక్కబెడతావా అనలే? ఆర్నెల్లు మాట్లాడలే నాతో. అమ్మ పోయి బతిమిలాడితే గదా పలికె. మళ్లీ నువ్విచ్చిన చక్రాలు మంచివి కావు బావా అని ఏ మొగం పెట్టుకొని చెప్పల్ల? నాకు కొత్తవి దొరికినాయి, ఊరకుంటి. ఆయప్ప కాడ గూడ అవే ఉంటాయని... ఉంటాయని తెల్సు. అయిపోయింటాయిలే అనుకుంటి.” ఆగాడు. “పండగనాడు ఫోన్ చేసి అడిగినాడు గూడ. చక్రాలు యెట్లుండాయిరా అని.”

“ఏం చెప్పినావు?”

“బాగుండాయి బావా అంటి.”

అరటితోటలో ఎవరో మోటారు వేశారు. నీళ్లు పడే చప్పుడు. సైదున్నీసా కుర్చీలో కూర్చొని, చల్లారిన టీ గ్లాసు ఎత్తి, తాగకుండా మళ్లీ కింద పెట్టింది. చిన్నప్పుడు చేసినట్టు వాడి వీపు మీద నాలుగు బాదాలని చేయి లేచింది గానీ, ఆ చేత్తోనే కొంగు సర్దుకుంది.

“ఈ మాట వకీలమ్మ కాడికొచ్చి చెప్పల్ల. రేపు,” అంది.

“అక్కమొగుని చెయ్యి తీసినోడంటారక్కా ఊర్లో.”

“అననీ.”

మొయిన్ తల ఊపాడు. తర్వాత అన్నాడు, “మరి గార్డు సంగతేంది? ఉండిందని రాపిచ్చినారంట గదా.”

“ఎవురు చెప్పినారు నీకు?”

“బావే. నిన్న మాపున ఫోన్ చేసినాడు. అన్నం దిగలేదంట.” కళ్లు తుడుచుకొని ఆమె మొహంలోకి చూశాడు, మొదటిసారి. “వాళ్ల వకీలు నన్ను అడుగుతాడు గదక్కా, మీ బావ గార్డు పెడతాడా అని. నాది సిగ్గిడ్సి చెప్తా. మీది ఏం చెప్పల్ల? బాగుంది అని చెప్పల్లనా?”

సైదున్నీసా ఫోన్ తీసి రేకు బొక్కను రెండు ఫోటోలు తీసుకుంది. ఒకటి మసకగా వచ్చింది. ఇంకోటి తీసుకొని బస్టాండుకు నడిచింది.

*

ఆమె ఇల్లు చేరేసరికి ఇంకా పొద్దుంది. జమాల్ ఎడమచేత్తో స్పూను పట్టుకొని అన్నం తింటున్నాడు. మెతుకులు సగం కంచంలో, సగం లుంగీ మీద. ఆమె ఎదురుగా కూర్చొని మొత్తం చెప్పింది. బొక్క, వివేక్ మాట, పండగనాటి ఫోను. ఏదీ తగ్గించలేదు.

జమాల్ స్పూను కంచంలో పెట్టాడు.

“అడిగినా నేను వాణ్ణి,” అన్నాడు. “నోటితో అడిగినా.”

“ఊ.”

“బాగుండాయి బావా అన్నాడు.”

సందులో ఎవరో పిల్లల్ని తిడుతున్నారు. అతను లేచి పెరట్లోకి పోయి, గోనెపట్టా మీదున్న గ్రైండరు ముందు గొంతుక్కూర్చున్నాడు. కోపంతో దాన్ని ఎత్తి గోడకు కొడతాడేమో అని సైదున్నీసా గడపలో నిలబడి చూస్తోంది.

“ఆ వెల్డింగు మిషను ఉండాదే,” అన్నాడు చివరికి, తల తిప్పకుండా. “వానికిచ్చింది. అది నిజంగానే యేడెక్కేది.”

ఆమెకు అర్థం కాలేదు.

“నాకు తెల్సు. తెల్సే ఇచ్చినా. పనికిరానిదాన్ని పాతసామాన్లోనికి ఎయ్యబుద్ధి గాక, బామ్మర్దికిచ్చినానని పేరొస్తాది గదా అని ఇచ్చినా. వాడు బాగలేదు అనేసరికి...” ఎడమచేత్తో నేల మీది ఇసుకను ఒకపక్కకు తోశాడు. “ఆర్నెల్లు మాట్లాడకుంటే ఎవుడు చెప్తాడు ఇంగ?”

సైదున్నీసా వెళ్లి పక్కన కూర్చుంది. అతను ఎడమచేత్తో స్క్రూడ్రైవరు తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

“ఊడదియ్యి,” అన్నాడు. “ఎడమకు తిప్పు.”

మరుసటి రోజు ప్రొద్దుటూరులో, సింధూ బల్ల మీద సైదున్నీసా మొదట గ్రైండరు పెట్టింది. తర్వాత దాని పక్కన, విడిగా, గుడ్డలో చుట్టిన గార్డు పెట్టింది.

“ఇది ఉండలేదు మేడం. మా వంటింట్లో ఉండింది. అబద్ధం చెప్పింది నేను, ఈయప్ప కాదు.”

సింధూ గుడ్డ విప్పి, నీలంగా కాలిన ఇనుమును చూసింది. కోప్పడుతుందని సైదున్నీసా ఎదురుచూసింది. సింధూ పెన్ను మూత పెట్టి, మళ్లీ తీసి, అంది. “ఒప్పుకుంటే పరిహారంలో కోత పడుతుందమ్మా. మీ తప్పు ఇంత, వాళ్ల తప్పు ఇంత అని తూకం వేస్తారు. మీదే ఎక్కువంటే చేతికేమీ రాకపోవచ్చు గూడ. దసరాకల్లా రాజీ అన్నది మర్చిపోండి. తెలిసే చెప్తాండారా?”

“నాది ఎంతుంటే అంత పోనీ మేడం,” అన్నాడు జమాల్. “వానిది ఉండేది వాడు కట్టల్ల.”

మొయిన్ అప్పటిదాకా కింద జిరాక్సు అంగడి మెట్ల దగ్గరే ఉన్నాడు. సైదున్నీసా కేకేస్తే పైకి వచ్చి, కుర్చీ ఉన్నా గోడకు ఆనుకొని నిలబడ్డాడు. జమాల్ అతని వైపు చూడలేదు. మొయిన్ ఫోన్ బల్ల మీద పెట్టి నొక్కాడు. వివేక్ గొంతు, నవ్వు కలిసిన గొంతు, గదిలోకి వచ్చింది. “పాత సరుకప్పా అది, డేటైపోయింది. మిగిలినవి తెచ్చియ్యి, బదులు కొత్తవిస్తా. ఎవురితో అనాకు, సరేనా?”

సింధూ ఇంకోసారి వేయించుకొని వింది. తేదీ చూసి కాగితం మీద రాసుకుంది. అది జమాల్ చేయి తెగడానికి నలభై నాలుగు రోజుల ముందుది. “ఈ ఫోను పారేసుకోవద్దు. అమ్మొద్దు. నీళ్లలో వెయ్యొద్దు,” అంది మొయిన్‌తో. ఆమె మాటలో అంతకుముందు లేని బిగువు సైదున్నీసాకు వినపడింది. “తెలిసినంక గూడ మీకెందుకు చెప్పలేదని అడుగుదాం. జవాబు చెప్పనీ.”

“ఎనిమిది పేజీలు మళ్లీ కొట్టాలి,” అని విసుక్కుంటూ గురురాజారావు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. “రక్షణ కవచము లేకుండగా...” కీబోర్డు టకటకలాడింది. “లేకుండగా అనాలా, తీసివేసి యుండగా అనాలా?”

“తీసేసినా సార్. నా చేత్తోనే,” అన్నాడు జమాల్.

మొయిన్ సంతకం పెట్టాడు. జమాల్ ఎడమ బొటనవేలు అద్దాడు. వేలికి అంటిన సిరా తుడుచుకోవడానికి చుట్టూ చూస్తుంటే, మొయిన్ పాత పేపరు ముక్క చించి చాపాడు. జమాల్ తీసుకున్నాడు. గార్డును సింధూ ఫోటో తీసుకొని తిరిగి ఇచ్చేసింది. సైదున్నీసా దాన్ని గుడ్డలో చుట్టి సంచి అడుగున పెట్టుకుంది. గురువారం. సాయంత్రానికి కావాలి.

కోర్టు గోడ పక్కన టీ బండి. ముగ్గురూ బల్ల మీద కూర్చున్నారు, నడుమ సైదున్నీసా. టీ అతను మూడు గ్లాసులు పెట్టి పోయాడు. జమాల్ గ్లాసు ఎడమచేత్తో పట్టుకున్నాడు గానీ తాగలేదు. మొయిన్ రెండు గుటకలు వేసేదాకా చూశాడు.

“టీ యెట్లుందిరా?” అన్నాడు. రెండు రోజుల్లో అతనితో అన్న మొదటి మాట.

“బాగుంది బావా.”

జమాల్ అట్లాగే చూస్తున్నాడు. బండి వెనక కుళాయి కారుతోంది. మొయిన్ గ్లాసులోకి చూశాడు, అక్కను చూశాడు, మళ్లీ గ్లాసులోకి చూశాడు.

“చక్కెర ల్యా బావా,” అన్నాడు.

“చెప్పల్ల గదరా మరి.” జమాల్ గ్లాసు బల్ల మీద పెట్టి గొంతెత్తాడు. “ఓ అప్పా! ఈడ చక్కెరేసేది మర్సిపోయినావు!”

టీ అతను చెంచా తీసుకొని వచ్చాడు. సైదున్నీసా కూడా తన గ్లాసు ముందుకు జరిపింది. ఆమె అప్పటికే సగం తాగేసి ఉంది.